వైదేహి గారి బేస్‌మెంట్‌లో రోము నాటకం

మొన్న ఆదివారం మా పక్క టౌన్‌హౌస్ వాళ్ళ గరాజ్ తలుపు ఎత్తి ఉంది. లోపల ఇద్దరు పిల్లలు పాత న్యూస్‌పేపర్ ముక్కలు మైదా జిగురులో ముంచి, ఊదిన బెలూన్ మీద అతికిస్తున్నారు. స్కూలు ప్రాజెక్టట. నేను కారులోంచి కూరగాయల సంచులు దించుకుంటూ ఆ వాసన తగిలి అక్కడే ఆగిపోయాను. ఉడికీ ఉడకని మైదా, తడిసిన కాగితం, కాస్త పులిసినట్టుండే వాసన. మంచి వాసనేమీ కాదు. అయినా నా కళ్ళు చెమర్చాయి. ఆ పిల్లల తల్లి బయటికి వచ్చి ఏమైనా కావాలా అని మర్యాదగా అడిగింది. ఏమీ లేదని చెప్పి లోపలికి వచ్చేశాను. ఏం చెప్పను ఆవిడకి? ఇదివరకు మేమున్న విండ్సర్‌లో ఒక తెలుగావిడ ఉండేదనీ, ఆవిడ బేస్‌మెంట్ అంతా ఇదే వాసన వేసేదనీ, పెళ్ళయిన అన్నేళ్ళకి అక్కడే నాకు నోరు వచ్చిందనీ చెబితే పిచ్చిదాన్ననుకుంటుంది.

ఆవిడ పేరు వైదేహి గారు. కాకినాడ మనిషి. యూనివర్సిటీలో లాటిన్, అంటే పాతకాలపు రోము భాష, చెప్పి రిటైరయ్యారు. మనవాళ్ళలో డాక్టర్లు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు ఎంతమంది కావాలంటే అంతమంది దొరుకుతారు. లాటిన్ చెప్పే తెలుగు మనిషిని మాత్రం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. భర్త ఉద్యోగం కోసం ఎప్పుడో వెనకటి రోజుల్లో ఇక్కడికి వచ్చారట. మొదటి చలికాలం ఇంట్లో గోడలు చూసి చూసి విసుగెత్తి, ఊరికే వెచ్చగా కూర్చోవచ్చు కదా అని ఒక క్లాసులో దూరారట. అది లాటిన్ క్లాసు. అక్కడ ప్రొఫెసరు పదాల రూపాలు వల్లె వేయిస్తుంటే, చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు పొద్దున్నే లేపి సంస్కృత శబ్దాలు చెప్పించిన రాగం చెవిలో పడిందట. ఇక ఆ గదిలోంచి బయటికి రాలేదన్నమాట. మనిషి చూస్తే ఇంతే ఉంటారు. నేత చీర, దాని కింద మోకాళ్ళ దాకా స్నో బూట్లు, నెత్తిన మనవరాలు వదిలేసిన ఎర్ర ఉలెన్ టోపీ. నోరు మాత్రం ఆ మనిషికి నాలుగింతలు.

రోము నాటకాలంటే మనకు గుర్తొచ్చేది కత్తులూ, చక్రవర్తులూను. వైదేహి గారికి అవి అక్కర్లేదు. ఆవిడ ప్రాణమంతా అక్కడి హాస్య నాటకాల మీదే. రెండు వేల ఏళ్ళ కిందట పండగ రోజుల్లో చెక్కలతో అప్పటికప్పుడు వేదిక కట్టి, మొహాలకు మాస్కులు తగిలించుకుని ఆడేవారట. కథ ఎప్పుడూ ఒక ఇంటిదే. కఠినమైన ముసలి తండ్రి, ఆయన ముందు నోరెత్తలేని కొడుకు, ఆ కొడుకు కోసం ముసలాయన్ని బురిడీ కొట్టించే బానిస. ఇలాంటి కథలు ఇంట్లో పెద్దలకు కోపం తెప్పిస్తాయని రోమన్లు తెలివిగా ఒక పని చేసేవారట. ఇదంతా మన ఊళ్ళో జరగలేదు, గ్రీసు దేశంలో జరిగింది అని ముందే చెప్పేసేవారట. ఆవిడ అలాంటి ఒక నాటకాన్ని తెలుగు చేసి మా ఉగాది కార్యక్రమంలో వేయిస్తానన్నారు. "మనం కూడా ముందే చెప్పేద్దాం, ఇది విండ్సర్‌లో జరిగింది కాదు, టొరంటోలో జరిగిందని. అప్పుడు అందరూ హాయిగా నవ్వుతారు," అన్నారు. నిజంగానే ఆ మాటకి హాలంతా గొల్లున నవ్వింది, అది తర్వాతి సంగతి.

అప్పట్లో మా ఇల్లు ఎలా ఉండేదో చెప్పాలి. మా ఆయన రవి కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. నేను ఎం.ఫార్మసీ చదివి, ఒక మందుల షాపు కౌంటర్ దగ్గర పార్ట్‌టైమ్ చేసేదాన్ని. పాప ఒకటో క్లాసు. మామగారు కర్నూలులో ఇరిగేషన్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్య పోయాక మా దగ్గరికి వచ్చేశారు. ఆయన గొంతు పెంచి ఎరగరు, ఒకరిని ఒక మాట అనీ ఎరగరు. అయినా ఆయన గదిలోకి వస్తే మేమంతా లేచి నిలబడేవాళ్ళం, మాట్లాడుకుంటున్న మాట ఆపేసేవాళ్ళం. ఆయనకు నచ్చని పని ఏదైనా ఆయనకు తెలియకుండా చేసుకోవడం మా ఇంటి పద్ధతి. ఆయన హీటర్ తగ్గించేవారు, రవి మళ్ళీ పెంచి మిషనే దానంతటదే పెరిగిందని చెప్పేవాడు. పిజ్జా తిన్న రోజు ఆ అట్టపెట్టె పక్కింటి వాళ్ళ రీసైకిల్ డబ్బాలోకి వెళ్ళేది. దీన్ని మేము గౌరవం అనుకునేవాళ్ళం.

ఆ చలికాలమే నాకు మిస్సిసాగాలో ఒక మందుల కంపెనీ నుంచి ఉద్యోగం వచ్చింది. క్వాలిటీ డిపార్ట్‌మెంట్‌లో, నేను చదివిన చదువుకి తగ్గది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసినది. కానీ విండ్సర్ నుంచి హైవే 401 మీద నాలుగు గంటల దారి. వారమంతా అక్కడ ఒక ఫ్రెండ్ ఇంట్లో ఉండి, శుక్రవారం సాయంత్రం ఇంటికి రావాలి. పాపను రవీ, మామగారూ చూసుకోవాలి. కోడలు పిల్లని వదిలి వేరే ఊళ్ళో ఉండటం మామగారికి నచ్చదని మాకు తెలుసు. అడిగి చూశామా అంటే, లేదు. రవి ఒక ఉపాయం చెప్పాడు. "మూడు నెలల ట్రైనింగ్ అని చెబుదాం. తర్వాత ఎక్స్‌టెండ్ చేశారని చెబుదాం. అప్పటికి అలవాటైపోతుంది నాన్నకి." నాకూ అదే బాగుందనిపించింది. సరేనన్నాను.

ఈలోగా వైదేహి గారు మా ఇంటికి వచ్చి, ముసలి తండ్రి వేషానికి మామగారిని అడిగారు. మామగారు కాలేజీ రోజుల్లో పద్యాలు పాడి మెడల్స్ తెచ్చుకున్న మనిషి. రాజు వేషం ఇస్తారనుకుని వెంటనే ఒప్పుకున్నారు. తీరా చూస్తే నాటకమంతా అందరూ కలిసి తనను వెర్రివాణ్ణి చేయడమేనని రిహార్సల్లో తెలిసింది. అయినా చలికాలం తోచక అవస్థ పడుతున్నారేమో, మానలేదు. బానిస వేషం నాకిచ్చారు. నేను గుండెలు బాదుకున్నాను. మామగారిని మోసం చేసే పాత్ర కోడలికా అని అడిగితే, మాస్కు వేసుకుంటే కోడలెవరో మామెవరో ఎవడికి తెలుస్తుంది పొమ్మన్నారు.

నాటకం చివర్లో బానిస ఆడిన అబద్ధాలన్నీ బయటపడతాయి. ముసలాయన కర్ర పుచ్చుకుని వస్తాడు. బానిస పారిపోడు. తిన్నగా వెళ్ళి ఆ ముసలాయన కుర్చీలోనే కూర్చుని, కాలు మీద కాలు వేసుకుంటాడు. కొడుకు ఎక్కడున్నాడో బానిసకే తెలుసు కాబట్టి, ఇంటి యజమాని వాడి ముందు నిలబడి బతిమాలుకోవాలి. రాసుకోవడానికి బాగుంది. చేయాలంటే నా వల్ల కాలేదు. డైలాగులన్నీ గడగడా చెప్పేదాన్ని. మామగారు కుర్చీ దగ్గరికి రాగానే మాత్రం లేచి నిలబడేదాన్ని. కావాలని కాదు, ఒళ్ళు దానంతటది లేచేది. అందరూ నవ్వేవారు. వైదేహి గారు మాత్రం నవ్వలేదు. "నువ్వు లేచినప్పుడల్లా నాటకం చతికిలబడుతోందమ్మా శైలజా," అనేవారు. ఒకరోజు మామగారికే జాలేసి, పర్వాలేదమ్మా కూర్చో అన్నారు. హమ్మయ్య అని కూర్చున్నాను. వైదేహి గారు స్క్రిప్టు కింద పడేశారు.

"మీరు కూర్చోమని చెప్పకూడదండీ. మీరు చెబితే కూర్చునేది ఇంకా బానిసే కదా," అన్నారు మామగారితో.

ఆయన కర్ర గోడకి ఆనించి కోటు తొడుక్కున్నారు. ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు కారులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నాకు భయమేసింది, నొచ్చుకున్నారేమోనని.

మాస్కులు మేమే చేసుకునేవాళ్ళం. శనివారం మధ్యాహ్నాలు బేస్‌మెంట్‌లో స్టవ్ మీద మైదా ఉడుకుతుండేది, నేనూ వైదేహి గారూ కాగితాలు చింపుతుండేవాళ్ళం. అలా ఒక శనివారం ట్రైనింగ్ అబద్ధం సంగతి ఆవిడకి చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. మంచి ఉపాయం అంటారని ఆశపడ్డానేమో. ఆవిడ ముసలి తండ్రి మాస్కుకి కనుబొమలు అతికిస్తున్నారు. ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒక పక్కనుంచి చూస్తే కోపంగా, ఇంకో పక్కనుంచి చూస్తే దిగులుగా ఉండాలట. ఆ పని ఆపకుండానే అన్నారు:

"ఈ నాటకాలన్నిట్లో ముసలాయన గురించి ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. ఆయనతో ఎవరూ మాట్లాడరు. ఎప్పుడైనా గమనించావా?"

నేను గమనించలేదు. ఆ మాట పక్కన పెట్టి, చివర్లో బానిస గెలుస్తాడు కదండీ, అదే బాగుంటుంది అన్నాను. ఆవిడ చేతులు తుడుచుకున్నారు. పండగ ఒక్కరోజేనమ్మా అన్నారు. ఆ పూట అందరూ వాడి తెలివికి చప్పట్లు కొడతారు. మర్నాడు వేదిక పీకేస్తారు. వాడు మళ్ళీ నీళ్ళు మోయాలి, మళ్ళీ అబద్ధాలాడాలి, ఎందుకంటే పాపం వాడికి ఇంకో దారి లేదు, నిజం చెబితే వీపు చిట్లుతుంది. అలా చెప్పి ఆవిడ నా వైపు చూశారు. నీ వీపుకి ఏమవుతుంది అని అడగలేదు. అడిగి ఉంటే నేను రోషపడి వచ్చేసేదాన్ని. మళ్ళీ కనుబొమల పని చూసుకున్నారు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఒక్క కాగితం కూడా సరిగా అతకలేదు.

ఉగాది కార్యక్రమం ఒక చర్చి హాలు అద్దెకి తీసుకుని చేశాం. స్టేజి మీద చిన్నపిల్లల డాన్సులు అవుతున్నాయి. వంటగది పక్క ఇరుకు వరండాలో నేనూ మామగారూ మాస్కులు కట్టుకుని మా వంతు కోసం నిలబడ్డాం. లోపల్నుంచి పులిహోర వాసన, స్టేజి మీంచి పాట. మాస్కు కంతల్లోంచి నాకు ఎదురుగోడ తప్ప ఏమీ కనబడటం లేదు. పక్కన ఆయన ఊపిరి వినబడుతోంది. మొహం కనబడకపోవడం వల్లనో ఏమో, నోట్లోంచి మాట దానంతటది వచ్చేసింది.

"మామయ్య గారూ, నాకు మిస్సిసాగాలో జాబ్ వచ్చింది. ట్రైనింగ్ కాదు, పర్మనెంట్. వారమంతా అక్కడే ఉండాలి. మీకు అబద్ధం చెబుదామనుకున్నాం. నాకు అలా చెప్పాలనిపించలేదు. నేను వెళ్ళాలనుకుంటున్నాను."

ఆయన కర్ర నేలకి ఆనించిన చప్పుడు వినబడింది. తర్వాత పాప సంగతి ఏమనుకున్నావని అడిగారు. చెప్పాను. అది కుదరదన్నారు. ఎందుకు కుదరదని అడిగాను. ఆడపిల్ల తల్లి దగ్గర ఉండాలన్నారు. తాతయ్యా నాన్నా పరాయివాళ్ళా అన్నాను. ఆయన గొంతు పెరిగింది. నా గొంతూ పెరిగింది. నేను ఆయన మాట మధ్యలో అడ్డం వెళ్ళడం అదే మొదటిసారి. ప్లేట్లు సర్దుతున్న ఆంటీలు వంటగది తలుపులోంచి తొంగిచూసి, రిహార్సల్ అనుకుని మెచ్చుకోలుగా తలలూపారు. ఆఖరికి ఆయన ఆగి, మాస్కు వెనకాలే కాసేపు ఊపిరి తీసుకున్నారు.

"ఈ ఇంట్లో నాతో ఎవరూ పోట్లాడరమ్మా," అన్నారు మెల్లగా. "మీ అత్త ఉన్నన్నాళ్ళూ దినాం పోట్లాడేది. ఆమె పోయినాక అందరూ సరే సరే అంటారు. సరే అనేటోళ్ళతో ఏం మాట్లాడాల?"

ఇన్నేళ్ళూ ఆయన్ని నెత్తిన పెట్టుకుని చూసుకున్నామనుకున్నాం. అందరికీ దూరంగా కూర్చోబెట్టేశామని తెలియలేదు. అక్కణ్ణుంచి పారిపోవాలనిపించింది. పోవడానికి లేదు. వైదేహి గారు తలుపు తీసి, రండి రండి, మీదే అన్నారు.

ఆ రోజు నాటకం ఎలా ఆడామో చెప్పలేను. చివరి సీన్‌లో వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. కాలు మీద కాలు వేశాను. మామగారు కర్ర పుచ్చుకుని వచ్చారు. నా ఒళ్ళు లేవలేదు. స్క్రిప్టులో ఉన్న డైలాగులు చెప్పి, లేనివి కూడా చెప్పారు. ఎన్నాళ్ళ నుంచి సాగుతోంది ఈ కుట్ర అని అరిచారు. నేనూ ఊరుకోలేదు, మీరు అడగనంత కాలం సాగింది అన్నాను. హాలు ఊగిపోయింది. రోమన్ల పద్ధతి ప్రకారం చివర్లో నటులే ముందుకొచ్చి చప్పట్లు అడగాలి. ఇద్దరం పక్కపక్కన నిలబడి అడిగాం. మాస్కు లోపల నేను ఏడుస్తున్నానని ఎవరికీ తెలియదు. ముందు వరసలో రవికి అసలు ఏమీ అర్థం కాలేదు.

ఆ తర్వాత వారం రోజులు మా ఇంట్లో ప్రతి కాఫీ వేళా యుద్ధమే. రవి మా ఇద్దరి మధ్య తల తిప్పి తిప్పి చూసేవాడు. మామగారు చివరిదాకా ఒప్పుకోలేదు. ఒకరోజు పేపరు మడిచి పక్కన పెట్టి, "నాకిష్టం లేదు. అయినా పో. ఇష్టం లేదన్న సంగతి మాత్రం మర్చిపోవద్దు," అన్నారు. నేను వెళ్ళాను. ప్రతి శనివారం ఆయన మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టేవారు, నేను మళ్ళీ మొదటినుంచీ జవాబు చెప్పేదాన్ని. పాపకి జడ వేయడం నేర్చుకున్నారు, వంకరగా వేసి నా మీద నేరం మోపేవారు. ఆయన పోయేదాకా అలాగే గడిచింది. ఆ శనివారాల కోసం ఇప్పటికీ ప్రాణం కొట్టుకుంటుంది.

మామగారు పోయాక రవికి నా ఆఫీసుకి దగ్గర్లోనే ఓక్‌విల్‌లో పని దొరికి మేమంతా మిస్సిసాగా వచ్చేశాం. వైదేహి గారు విండ్సర్‌లోనే ఒంటరిగా ఉండేవారు. ఆవిడ కొడుకు కిరణ్ కూడా ఈ చుట్టుపక్కలే ఉంటాడు. ఇక్కడే పుట్టి పెరిగినవాడు, నెమ్మదైనవాడు. పోయిన ఏడాదికి ముందటి చలికాలంలో నాకు ఫోన్ చేశాడు. అమ్మ మంచు మీద రెండుసార్లు పడిందట. తన ఇంటికి దగ్గర్లో ఒక సీనియర్స్ హోమ్‌లో గది తీసుకున్నాడట. చలి తగ్గేవరకే అని ఆవిడకి చెప్పాడట. అసలు సంగతి, ఇల్లు అమ్మకానికి సిద్ధం చేశాడు. ఆవిడ వచ్చేశాక బోర్డు పెడతారు. విండ్సర్‌లో ఆవిడ స్నేహితులందరికీ చెప్పి ఒట్టు వేయించుకున్నాడు. నన్ను వెళ్ళి బట్టలు సర్దడానికి సాయం చేయమన్నాడు. "ప్లీజ్ డోంట్ టెల్ హర్, శైలజ ఆంటీ. షీ విల్ బ్రేక్," అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. సరేనని ఫోన్ పెట్టేశాను.

దారి పొడుగునా 401 మీద నాలో నేను వాదించుకుంటూ వెళ్ళాను. చెబితే ఆవిడ గుండె పగులుతుంది. చెప్పకపోతే రేపు ఆవిడ సూట్‌కేసులో వేసవి చీరలు పెట్టుకోకుండా, ఏప్రిల్‌లో వస్తాను కదా అని వదిలేసి వస్తారు. ఆవిడ ఇంటి మెట్లు ఎక్కేసరికి నిర్ణయించుకున్నాను, ఒక్క ముక్కలో చెప్పేసి వచ్చేద్దామని. తలుపు తీశారు. సగం సర్దిన పెట్టెలు. ఆవిడ ఇంకా చిన్నగా అయిపోయారు. నేను గుమ్మంలోనే కోటుతో నిలబడ్డాను.

"ముందు ఆ కోటు విప్పవే. ఏం, బయట టాక్సీ ఆగి ఉందా?" అన్నారు.

విప్పాను. బూట్లు తీశాను. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుని చెప్పాను. ఇల్లు అమ్మేస్తున్నారండీ, చలి తగ్గాక మీరు ఇక్కడికి తిరిగి రారు, అని. ఆవిడ నన్ను కాదు, గోడను చూశారు. ఎవరెవరికి తెలుసు అని అడిగారు. అందరికీ అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. నీకెవరు చెప్పమన్నారు అని గద్దించారు. ఎవరూ చెప్పమనలేదండీ అన్నాను. తర్వాత ఆవిడ చీర కొంగు చేతికి చుట్టుకుని నెమ్మదిగా అన్నారు:

"సరే. నేనిప్పుడు ఏడుస్తాను. నువ్వు కదలకు."

చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చారు. నన్ను తిట్టారు, కొడుకుని తిట్టారు, పడినందుకు తన మోకాళ్ళని తిట్టారు. నేను కదల్లేదు, ఓదార్చనూ లేదు. ఏం చెప్పి ఓదార్చను? బయట వెలుగు తగ్గిపోయేదాకా పక్కన కూర్చున్నాను. తర్వాత ఆవిడ మొహం కడుక్కుని వచ్చి కొడుకుకి ఫోన్ చేశారు. ఆ తల్లీకొడుకులు ఇంగ్లీషులో మొదలుపెట్టి, తెలుగులోకి దిగి, మళ్ళీ ఇంగ్లీషులో పోట్లాడుకున్నారు. మధ్యలో వాడూ ఏడ్చాడు. ఇల్లు అమ్మక తప్పలేదు, ఆవిడకీ తెలుసు, ఆ మెట్లు ఇక ఆవిడ వల్ల కావు. కానీ మిస్సిసాగా రాలేదు. విండ్సర్‌లోనే నదికి దగ్గరగా ఒక హోమ్ తానే వెళ్ళి చూసి ఎంచుకున్నారు. ఏ పుస్తకం ఎవరికివ్వాలో, ఏ మాస్కు ఏ పిల్లాడికివ్వాలో తానే చెప్పి పంచారు. కిరణ్ నాతో కొన్నాళ్ళు మాట్లాడలేదు. మొన్న వేసవిలో ఆవిడ పోయినప్పుడు మాత్రం అందరికంటే ముందు నాకే ఫోన్ చేశాడు. చివరి రోజుల్లో అమ్మా నేనూ బాగా పోట్లాడుకున్నాం ఆంటీ అని, అదేదో పెద్ద భాగ్యంలా చెప్పాడు. నిజంగానే భాగ్యం.

రిహార్సళ్ళ మధ్యలో ఆవిడ నేర్పిన లాటిన్ మాట ఒక్కటి కూడా నాకు నిలవలేదు. ఆఫీసులో ఇప్పుడు నా కింద కొందరు పనిచేస్తున్నారు, ఇంట్లో ఎదిగిన కూతురుంది, చెప్పడానికి నోరు రాని మాటలు నెలకొకటైనా ఎదురవుతాయి. ఈమెయిల్‌లో రెండు లైన్లు రాసి పంపేయవచ్చు. లేదా చెప్పేసి, పని ఉందని కారెక్కేయవచ్చు. అలాంటి మాట మోసుకుని ఎవరింటికైనా వెళ్ళినప్పుడు నేను ముందు కోటు విప్పి తగిలిస్తాను, బూట్లు తీసి పక్కన పెడతాను. వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటాను. అప్పుడు చెబుతాను. చెప్పాక వాళ్ళు ఏమన్నా సరే, లేవను.